పేయ్‌జెన్ అల్యూమినియమే కావాలంది

ఆహోక్ సైకిల్ షాపులో టీ బల్ల దగ్గర కూర్చుని, అదేదో తన సొంత కొట్టయినట్టు అందరికీ టీ పోస్తున్నాడు కెప్టెన్ త్సాయ్. తైచుంగ్‌లో ప్రతి ఆదివారం కొండలెక్కే సైకిల్ జట్టుకి ఆయన పెద్ద. ఆయన పోసిన టీ వద్దనే ధైర్యం ఆ జట్టులో ఇంతవరకూ ఎవరికీ లేదు. పేయ్‌జెన్ మాత్రం కప్పు ముట్టుకోలేదు. ఆమెకి ఒళ్లు మండిపోతోంది.

మండదూ మరి! ముచ్చటపడి కొనుక్కుని, కంటికి రెప్పలా చూసుకున్న కార్బన్ సైకిల్. మొన్న కడుగుతుంటే పైగొట్టం మీద వెంట్రుకంత గీత కనబడింది. నాణెంతో తట్టి చూసింది. కార్బన్‌ని పరీక్షించేది అలాగే: బాగున్నచోట టింగుమంటుంది, లోపల పొరలు విడిపోయినచోట చచ్చు చప్పుడొస్తుంది. గీత దగ్గర అట్టపెట్టెని తట్టినట్టు వినిపించింది. పోయిన నెల వులింగ్ కనుమ నుంచి, ఆ లోయల పక్కగా, గాలిలా దూసుకుంటూ దిగింది దాని మీదే!

ఆ రోజు ఉదయం కొండ మొదట్లో ఉన్న పూలి దాకా సైకిళ్లని తన వ్యాన్‌లో చేర్చింది కెప్టెనే. చక్రాలు పట్టి కట్టాల్సింది పోయి, కార్బన్ గొట్టాన్ని ఇనుప బిగింపులో పెట్టి బలంకొద్దీ మర తిప్పాడు. ఇనుప సైకిళ్ల కాలం నాటి చెయ్యి. ఎంత బిగిస్తే అంత భద్రమనుకుంటుంది. అందుకే ఈసారి అల్యూమినియం సైకిల్ చూపించమని ఆహోక్‌ని అడిగింది పేయ్‌జెన్.

“అల్యూమినియమా! దాని మీద బజారుకెళ్లి కూరలు తెచ్చుకుంటావా చెల్లెమ్మా?” అని నవ్వాడు కెప్టెన్. “మరీ బిర్రుగా ఉంటుంది. గతుకు గతుక్కీ నీ నడుం విరుగుద్ది. కార్బనే తీసుకో, నే చెప్పి తగ్గింపు ఇప్పిస్తా.”

“నా నడుం సంగతి మీకెందుకన్నా? నా సైకిల్ నడుం విరగ్గొట్టారు, చాల్లేదా?”

ఆహోక్ దగ్గి, అప్పుడే గుర్తొచ్చినట్టు చైన్లు తుడవసాగాడు.

“వెంట్రుకంత గీతకి ఇంత రాద్ధాంతమా! రంగు లేచిందంతే,” అన్నాడు కెప్టెన్.

“రంగు లేస్తే చచ్చు చప్పుడొస్తుందా? నేనేం చిన్నపిల్లనా?”

“పోనీలే పేయ్‌జెన్, పెద్దాయన,” అని ఆమె భర్త కాయ్‌మింగ్ గొణిగాడు. “నలుగురిలో ఎందుకూ? టీ తాగు.”

పేయ్‌జెన్ టీ తాగలేదు. అల్యూమినియం సైకిల్ని సందులోకి తీసి ఎక్కింది. కెప్టెన్ అన్నది అబద్ధం కాదు, మురుగుకాలవ ఇనుప మూత మీంచి పోతే దాని కమ్మీలన్నీ అరచేతుల్లో తెలిశాయి. పెడల్ మీద లేచి నిలబడేసరికి మాత్రం సైకిల్ ఒక్క ఉదుటున ముందుకి ఉరికింది. కాలి బలం కాస్తయినా ఎక్కడా వృథా పోలేదు. సందు రెండుసార్లు చుట్టి వచ్చింది.

“ఇదే కావాలి,” అంది ఆహోక్‌తో.

“కాస్త ఆలోచించు,” అన్నాడు కాయ్‌మింగ్. “అనవసరంగా భయపడుతున్నావు. ఆ రోజు పైన కూడా కెప్టెన్ చూసి రంగేనన్నారు...” అని నాలిక్కరుచుకున్నాడు.

“పైన ఎక్కడ?”

కాయ్‌మింగ్ కెప్టెన్ వైపు చూశాడు. కెప్టెన్ టీ కూజా వైపు చూశాడు.

“వులింగ్‌లో. నువ్వు ఫొటోలు తీయించుకుంటుంటే గీత నా కంటపడింది. ఆయన్నడిగితే రంగన్నారు. జట్టంతా అక్కడే ఉంది. ఆయన మాట నేనెలా కాదంటాను? ఆయన పరువేం కాను?”

“పరువా! నేను లోయలో పడుంటే, ఆయన పరువు తాడేసి పైకి లాగేదా నన్ను? ‘దిగకు, గీతుంది’ అని నా చెవిలో ఒక్క ముక్క చెప్పడానికి నీకు నోరు రాలేదూ? ఇంత మొహమాటమా, కట్టుకున్నదాని ప్రాణం మీద!”

“ఏం కాలేదుగా...”

“నువ్వు నమ్మావా, అది రంగేనని?”

అతడు చల్లారిన టీ కప్పుని ఆమె వైపు జరిపాడు. పేయ్‌జెన్ దాన్ని వెనక్కి నెట్టింది.

“ఎప్పుడూ నన్నొదిలేసి ముందు దూసుకుపోయేవాడివి, ఆ రోజు కొండ కిందికి దిగేదాకా నా వెనకే వచ్చావు. ప్రేమ కాబోలనుకుని మురిసిపోయాను, సిగ్గులేకుండా. ఏం చూస్తూ వచ్చావు కాయ్‌మింగ్?”

కాయ్‌మింగ్ తల దించుకున్నాడు.

“ఆ గొట్టాన్నే,” అన్నాడు.