నాలుగు దెబ్బల ఖాళీ

నలభై మూడో దుప్పటి రోలర్ల మధ్యకి జారుతుండగా బూరన్న అన్నాడు: "పేరున్నవాళ్ళున్నారే చెల్లెమ్మా, వాళ్ళు పాట వాయించరు. తమ పేరు వాయిస్తారు."

దుప్పట్లక్క తన వైపు కొసను లాగి సరిచేసింది. "నిన్న కూడా ఇదే అన్నావు అన్నయ్యా."

"నిన్నటిది బూర వాయించేవాడి సంగతి. ఇవాళ పియానోవాడి సంగతి."

ఆస్పత్రి నేలమాళిగలో ఉంది ఆ లాండ్రీ. పైకప్పు కింద ఆవిరి గొట్టాలు, గోడ పైభాగంలో జానెడు కిటికీలు. వాటిలోంచి వీధిన పోయేవాళ్ళ పాదాలు తప్ప ఇంకేమీ కనపడవు. నడుమ మంచమంత వెడల్పున్న ఇస్త్రీ యంత్రం. తడి దుప్పటిని ఇద్దరు చెరో కొస పట్టుకుని రోలర్లకి అందించాలి. అవతలి వైపునుంచి అది వేడివేడిగా, కాగితంలా చదునుగా వస్తుంది. ఒకరు తొందరపడితే ముడత. ఒకరు ఆలస్యం చేసినా ముడతే. పందొమ్మిదేళ్ళుగా ఎడమ కొస అతనిది, కుడి కొస ఆమెది.

బూరన్న యాభై ఎనిమిదేళ్ళ మనిషి. పొట్టి. ఆవిరికి నాని నాని వేళ్ళు ఉబ్బిపోయాయి, గోళ్ళు పాలిపోయాయి. ఎడమ మణికట్టు మీద బొటనవేలంత కాలిన మచ్చ. ముఖానికి మించిన చెవులు. జన్మలో ఏ వాయిద్యమూ ముట్టుకోలేదు. పనిలో చేరిన మొదటి వారం ఎవరికో ఒక పాట అర్థమయ్యేట్టు చెప్పబోయి, బుగ్గలు పూరించి నోటితోనే బూర వాయించాడు. సరిగ్గా అప్పుడే సూపర్‌వైజర్ లోపలికొచ్చాడు. ఆ రోజునుంచీ జీతాల కాగితం మీద తప్ప అతని అసలు పేరు ఎక్కడా వినపడలేదు.

జాజ్ సంగీతం పిచ్చి అతనికి పట్టుకున్నది పాత సామాన్ల దుకాణంలో. పద్దెనిమిదేళ్ళప్పుడు అక్కడ బల్లలూ కుర్చీలూ తుడిచేవాడు. రికార్డు ప్లేయర్ కొనడానికి ఎవరైనా వస్తే అది పనిచేస్తోందని చూపించడానికి ఏదో ఒక రికార్డు పెట్టాలి. మంచివన్నీ అమ్ముడుపోయాయి. పెట్టె అడుగున మిగిలినవి ఇరవై ఏడు. ఎవరూ పేరు వినని బృందాలు, ఒక్క రికార్డు ఇచ్చి మాయమైపోయిన మనుషులు. నాలుగేళ్ళపాటు రోజూ అవే విన్నాడు. ఆ తర్వాత గొప్పవాళ్ళని విన్నప్పుడు, పెద్దింటి పెళ్ళిలో కూర్చున్నట్టు ఇబ్బందిగా అనిపించింది.

అందుకే అతని అభిప్రాయాలన్నీ అడ్డంగా ఉండేవి. సముద్రం పక్క నాట్యశాలలో తీసిన ఒక రికార్డులో పియానో మధ్యలో కుర్చీ కిర్రుమంటుంది. తర్వాత వేసిన ప్రతుల్లో కంపెనీవాళ్ళు ఆ చప్పుడు తీసేశారు. "పాటలోంచి మనిషిని లేపి పంపేశారు," అని పదేళ్ళుగా అతని కోపం. ఒకే ఒక్క రికార్డు ఇచ్చి చెప్పుల దుకాణం పెట్టుకున్న, ట్రాంబోన్ అనే పొడుగు బూర వాయించే మనిషి మీద మాత్రం కోపం లేదు. "చెప్పాల్సింది చెప్పేశాడు. లేచి వెళ్ళిపోయాడు. ఎంతమందికి చేతనవుతుంది?"

అతని లెక్కలో అన్నిటికంటే పైన, ఆ పెట్టెలోంచి ఇంటికి తెచ్చుకున్న నది ఒడ్డు హోటల్ బృందం రికార్డు. అందులో మూడో పాట. మనిషంత ఎత్తున్న బేస్ ఫిడేలు ఒంటరిగా పదహారు ఆవర్తాలు నడుస్తుంది. తొమ్మిదో ఆవర్తంలో ఆగిపోతుంది. తాళంలో నాలుగు దెబ్బల సేపు ఏమీ ఉండదు. మళ్ళీ అడుగు వేస్తుంది.

"ఆ ఖాళీ ఉందే, అదే సంగీతం," అనేవాడు బూరన్న. "ఆ ధైర్యం ఇంకెవరికీ లేదు. కానీ ఆ డ్రమ్ములవాడు చూడు, దరిద్రుడు, ఖాళీ చివర్న ఓపిక పట్టలేక తీగల బ్రష్షుతో డ్రమ్ము మీద ఒక్క గీత గీస్తాడు. పాలకుండలో ఉప్పురాయి వేసినట్టు!"

దుప్పట్లక్కకి ఆ గీత సంగతి కంఠతా వచ్చు. కానీ ఒక్కసారీ వినలేదు. ఆమె అడగలేదు. చెబితే సరిపోతుందనుకున్నాడో ఏమో, అతనూ ఎప్పుడూ వినిపిస్తాననలేదు. ఇంట్లో అతనికి వినేవాళ్ళు లేరు. కుట్టుమిషన్ ముందు కూర్చున్న భార్య, రికార్డు మొదలవగానే, "మీ కుయ్యో మొర్రో కాస్త తగ్గించండి," అనేది. ముప్పై ఒక్క ఏళ్ళుగా అతను తగ్గిస్తూనే ఉన్నాడు.

పదకొండు గంటలకి వార్డు ఆయా మాసిన దుప్పట్ల బండి తోసుకుంటూ వచ్చింది.

"బూరన్నా, నీ జాతివాడొకడు పైన చేరాడయ్యా. పదకొండో మంచం. ఊపిరితిత్తుల్లో నీరు. పొద్దస్తమానం మంచం పట్టీ మీద వేళ్ళతో కొట్టుకుంటాడు. ఏంటి తాతా అంటే, నది ఒడ్డు హోటల్లో మనిషంత ఫిడేలు వాయించేవాణ్ణంటాడు. మందు తలకెక్కిందనుకున్నాం."

బూరన్న చెయ్యి ఆగిపోయింది. దుప్పటి ఒక వైపే లోపలికి పోయి మెలిక పడింది. దుప్పట్లక్క ఎర్ర బొత్తాం నొక్కి యంత్రం ఆపింది. మెలికపడ్డ దుప్పటిని బయటికి లాగుతూ ఆమె అతని ముఖం చూసింది. తిట్టబుద్ధి కాలేదు.

భోజనం గంట కొట్టగానే అతను డబ్బా విప్పకుండా పైకెళ్ళాడు. లిఫ్టు రోగులకే. నాలుగు అంతస్తుల మెట్లు. రెండుచోట్ల ఆగి కమ్మీ పట్టుకున్నాడు. ఆయాసం మోకాళ్ళ వల్లే అనుకున్నాడు.

పదకొండో మంచం కిటికీ పక్కన. పెద్దాయన దిండ్లకి ఆనుకుని కూర్చున్నాడు. ముక్కుకి గొట్టం. చేతులు మాత్రం మనిషికి అతకనంత పెద్దవి, పొడుగు వేళ్ళ కొనలు ఇంకా గట్టిగా, కాయలు కాచి ఉన్నాయి. బూరన్న మాట్లాడకముందే ఆ వేళ్ళని చూశాడు. మందు కాదు. నిజమే.

"మీరు... మూడో పాటలో..." అన్నాడు బూరన్న. "తొమ్మిదో ఆవర్తంలో మీరు ఆగుతారు చూడండి."

పెద్దాయన కళ్ళు చికిలించాడు. "ఆ రికార్డు నీ దగ్గరుందా?"

"నలభై ఏళ్ళనుంచీ అండీ."

"ఎవడూ కొనలేదనుకున్నానే." ఊపిరి కూడదీసుకోవడానికి కాసేపు పట్టింది. "ఆగడమేంటి అబ్బాయ్. చెయ్యి తిమ్మిరెక్కింది. వేళ్ళు కొయ్యబారిపోయాయి. మళ్ళీ తీద్దామంటే, హాలు ఖాళీ చెయ్యాలి, బయట పెళ్ళివాళ్ళు వచ్చి కూర్చున్నారన్నారు. ఆ తప్పుతోనే అచ్చేశారు. సిగ్గేసి నేను ఇంట్లో కూడా పెట్టుకోలేదు."

బూరన్న స్టూలు మీద కూర్చుండిపోయాడు. పక్క మంచం దగ్గర ఎవరో మందు గ్లాసు కలుపుతున్నారు. చెంచా చప్పుడు.

"పోనీ, మళ్ళీ ఎక్కడ అందుకోవాలో మీకెలా తెలిసింది?"

"నాకేం తెలుసు? నేను పోయాననుకున్నాను. డ్రమ్ములవాడు కనిపెట్టాడు. నాలుగో దెబ్బకి బ్రష్షుతో చిన్న గీత గీశాడు. రారా, ఇక్కడున్నాను, అన్నట్టు." పెద్దాయన చెయ్యి దుప్పటి మీద ఒక్కసారి జరిగింది. "ఆ గీత పట్టుకునే బయటికొచ్చాను. మంచివాడు. ముందే పోయాడు."

ఆ చెయ్యి జరిగిన చోట బూరన్న దుప్పటి ముడత సరిచేశాడు. చివరికి, "మీరు మళ్ళీ వినలేదా?" అన్నాడు.

"ఎక్కడ వింటాను?"

"రేపు తెస్తాను. ప్లేయరూ తెస్తాను."

"రేపటిదాకా ఉండమంటావ్," అని పెద్దాయన నవ్వబోయి దగ్గాడు.

మధ్యాహ్నం రెండు గంటలపాటు బూరన్న అభిప్రాయాలేవీ చెప్పలేదు. దుప్పటి వెనక దుప్పటి పోతోంది. దుప్పట్లక్కకి ఆ మౌనం యంత్రం మోత కంటే ఇబ్బందిగా ఉంది.

"ఆయన కాదా ఏంటి?"

"ఆయనే." అతను ముఖం మోచేత్తో తుడుచుకున్నాడు. "చెల్లెమ్మా, నలభై ఏళ్ళు ఒక మనిషిని నోటికొచ్చినట్టు తిట్టాను. అతను ఒక ప్రాణాన్ని చెయ్యిపట్టి లాగుతుంటే, గీకాడు గీకాడని."

"అతనికి వినపడిందా ఏంటి నీ తిట్టు?"

"నాకు వినపడింది కదా."

అంతా విన్నాక ఆమె, "అయితే ఇప్పుడా ఖాళీ గొప్పదా కాదా?" అంది. వెక్కిరింపు కాదు, తెలుసుకోవాలనే అడిగింది.

"ఇంటికెళ్ళి వినాలి," అన్నాడు. దుప్పటి కొస సర్ది, "రేపు భోజనం వేళ నువ్వూ పైకి రా. విందువుగాని," అన్నాడు. పందొమ్మిదేళ్ళలో ఆ మాట అనడం అదే మొదలు.

ఆ తర్వాత జరిగింది అతని భార్య చెప్పిందే. ఇంకా వెలుతురుండగానే ఇంటికొచ్చాడు. గుడ్డసంచీ కుర్చీ పక్కన పెట్టుకున్నాడు, పొద్దున్నే ప్లేయర్ సర్దాలని. ఆమె చొక్కాకి బొత్తాలు కుడుతోంది. తగ్గించమని ఆమె అనకముందే శబ్దం తగ్గించి, ఒకే పాట మూడుసార్లు పెట్టాడు. మూడోసారి, "విన్నావా, పిలుస్తున్నాడు," అన్నాడు. ఎవరు అని ఆమె అడగలేదు. నోట్లో దారం ఉంది. రికార్డు అయిపోయింది. ముల్లు ఉత్త గాడిలో గీరుకుంటూ తిరుగుతోంది. "తీసెయ్యండి, గీరుతోంది," అంది. ఇంకోసారి అంది. మూడోసారి తనే లేచి వెళ్ళింది.

బూరన్న అంత్యక్రియల రోజు లాండ్రీ నుంచి నలుగురు వెళ్ళారు. అందరూ బయల్దేరుతుంటే అతని భార్య దుప్పట్లక్కని ఆపి గుడ్డసంచీ చేతిలో పెట్టింది. ప్లేయర్, రికార్డు. రికార్డుకి దిండు గలీబు చుట్టి, అంచులు జారకుండా దారంతో కుట్టింది.

"ఎవరో పెద్దాయనకి మాటిచ్చారటగా," అంది. తర్వాత, గొంతు తగ్గించి: "తగ్గించండి, తగ్గించండి అనేదాన్ని. ఇప్పుడు ఇల్లంతా తగ్గిపోయింది, వదినా."

మర్నాడు భోజనం గంటకి దుప్పట్లక్క నాలుగంతస్తులు ఎక్కింది. పెద్దాయన ఉన్నాడు. ముక్కు గొట్టం తీసేశారు. రెండు రోజుల్లో ఇంటికి పంపిస్తారట. సంగతి చెబితే ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

"ఆ అబ్బాయి పేరేంటి?" అన్నాడు.

ఆమె అతని అసలు పేరు చెప్పింది. తన నోటితో ఆ పేరు పలకడం ఆమెకే కొత్తగా ఉంది.

ఆయా ప్లేయర్‌కి కరెంటు తగిలించింది. కుట్టు విప్పడానికి దుప్పట్లక్క పళ్ళతో దారం కొరికింది. మొదటి రెండు పాటలకీ పెద్దాయన, "వేగంగా తిరుగుతోంది ఇది, మరీ ఇంత తొందరగా వాయించలేదు మేము," అని సణిగాడు. మూడో పాటకి నోరు మూసుకున్నాడు.

ఆమె అనుకున్నదానికంటే చాలా చిన్న పాట. బేస్ ఒంటరిగా బయల్దేరింది, చీకటింట్లో గోడ తడుముకుంటూ నడిచే మనిషిలా. ఆమె వేళ్ళమీద లెక్క పెట్టింది. ఎనిమిది. తొమ్మిది. ఆగింది. వార్డులో ఎవరో దగ్గారు. ఆ ఖాళీ ఎంతసేపో ఆమెకి ముందే తెలుసు, అయినా ఊపిరి బిగబట్టింది. అప్పుడు వచ్చింది గీత. ఎంత సన్ననిదంటే, చెప్పి ఉండకపోతే వినపడేదే కాదు. చీర కుచ్చిళ్ళు నేలకి రాసుకున్నంత.

"చూశావా," అన్నాడు పెద్దాయన.

ఆమె తలూపింది. అయిపోయాక, "ఇంకోసారి పెట్టనా?" అని అడిగింది. గంట కొట్టేదాకా విన్నారు.

కిందకొచ్చేసరికి ఎడమ కొస దగ్గర కొత్త మనిషి నిలబడి ఉంది. ఆ సాయంత్రం సూపర్‌వైజర్ బీరువా తాళంచెవి దుప్పట్లక్కకి ఇచ్చి, బూరన్న అర ఖాళీ చేసి సామాన్లు ఇంటికి చేర్చమన్నాడు. పెద్దగా ఏమీ లేవు. ఒక బనీను, పళ్ళు విరిగిన దువ్వెన, తువ్వాలు. వెనక మూలన ప్లాస్టిక్ సబ్బుపెట్టె. మూత గట్టిగా బిగించి ఉండటాన లోపలి సబ్బు ఇంకా తడిగానే ఉంది, మధ్యలో అతని బొటనవేలు నొక్కిన గుంటతో.