కుండల మీద వేదిక

నేను ఒక నాటకశాలను. కాకినాడలో, ఉప్పుగాలి తగిలే ఒక వీధిలో ఉన్నాను. కలప వ్యాపారం చేసిన షావుకారు ఒకాయన పాట మీది పిచ్చితో నన్ను కట్టించాడు. అప్పటికి మైకులు లేవు. అందుకని వేదిక కింద గొయ్యి తవ్వించి, ఖాళీ కుండలు నోళ్లు పైకి ఉండేలా వరసగా పేర్పించి, వాటిపైన దూలాలు వేయించి, టేకు పలకలు పరిపించాడు. వేదిక మీద గొంతు విప్పితే ఆఖరి బెంచీలో కూర్చున్నవాడికీ ప్రతి అక్షరం వినపడేది.

మైకులు వచ్చాక పాడేవాళ్లు గొంతు దాచుకోవడం నేర్చారు. కుండల సంగతి మరిచారు. తర్వాత జనం నన్నే మరిచారు. మునిసిపాలిటీవాళ్లు నాలో విరిగిన కుర్చీలు పడేసి, ఎలుకలకు అప్పగించి వెళ్లారు. వాళ్లలో ఒక్కరినీ నేను క్షమించలేదు.

కిందటి వేసవిలో ఒక ఇంజనీరు వచ్చాడు. నన్ను ఉంచాలో కూల్చాలో తేల్చేది అతనే. గోడలు చూశాడు, తప్పు పట్టలేకపోయాడు. వేదికను ఇనపకడ్డీతో కొట్టాడు. బొయ్యిమంది.

"లోపలంతా గుల్ల. పునాది కుంగింది. కూల్చెయ్యాల్సిందే," అని కలం తీశాడు.

వెనకే వచ్చిన గవర్రాజు అడ్డం పడ్డాడు. నా దగ్గర నలభై ఏళ్లు హార్మోనియం వాయించిన ముసలాయన.

"ఆగండి బాబుగారూ. మద్దెల కొట్టి చూసి, లోపల గుల్లగా ఉందని పారేత్తారేటండీ?"

"ఇది మద్దెల కాదు మాస్టారూ, బిల్డింగు."

"ఆయ్, కట్టినాయన అలా అనుకోలేదండి. ఆ పలక ఎత్తించండి."

ఎత్తించారు. ఇంజనీరు టార్చి వేసి చూశాడు. కుండలు పగల్లేదు. దూలాలు పుచ్చలేదు. గోతిలో చెమ్మ లేదు. అయినా నమ్మకం కుదరలేదు.

"ఎల్లి ఆఖరి బెంచీలో కూకోండి," అన్నాడు గవర్రాజు.

పలక మళ్లీ బిగించాక ముసలాయన వేదికెక్కి పద్యం ఎత్తుకున్నాడు. గొంతు సగం కూడా లేదు. ఉన్నదాన్ని నేను చేతనైనంత మోశాను.

పద్యం అయ్యాక హాలు చివరినుంచి ఇంజనీరు అరిచాడు. "మాస్టారూ, మూడో పాదంలో ఒక మాట మింగేశారు!"

"మింగింది నేనండి! వేదిక కాదు!"

ఇంజనీరు నవ్వాడు. కాగితం మీద 'పైకప్పు మరమ్మతు చాలు' అని రాసి, సంతకం పెట్టాడు.

అప్పుడు నా పైకప్పు దూలాలు గట్టిగా కిర్రుమన్నాయి. అతను ఉలిక్కిపడి పైకి చూశాడు. భయపడవలసింది ఏమీ లేదు. ఊపిరి వదిలాను, అంతే.