మూడో పిలుపు

మిరప విత్తనాల పొట్లంలో దొరికిన కూపను ఎర్రమ్మను సముద్రం మీదికి తెచ్చింది. ఏన్కూరు అవతల, అడవి అంచున మిర్చి వేసుకుని బతికేవాళ్ళకు లక్కీ డ్రాలో టార్చిలైటు తగిలినా ఊరంతా చెప్పుకుంటారు. అలాంటిది ఎర్రమ్మకు, ఆమె మొగుడు పోతయ్యకు ఏకంగా చెన్నైలో బయలుదేరే పెద్ద ఓడలో షికారు తగిలింది. కొడుకు పవన్ ఇద్దరినీ రైలెక్కించి, సముద్రంలో చేతులు పెట్టొద్దని మరీ మరీ చెప్పి పంపాడు.

ఓడ ఎక్కేచోట కౌంటరులోని అమ్మాయి భర్త పేరు అడిగింది. ఎర్రమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వి, ఆయన్ని మోచేత్తో పొడిచింది. పెళ్ళయిన నాటి నుంచి ఆ పేరు ఆమె నోట రాలేదు. మొగుడి పేరు పలికితే ఆయన ఆయుష్షు తరుగుతుందని పుట్టింట్లో నూరిపోశారు. ఆ పేరులో సగమున్న మాట జోలికి కూడా ఆమె వెళ్ళదు. ఊరంతా బస్సు పోతది అంటే ఈమె ఒక్కతే బస్సు ఎల్తది అంటుంది.

దీన్ని పట్టుకుని ఆమెను ఏడిపించినవాడు మరిది నాగరాజు. అన్నకు నీడలా తిరిగేవాడు. చాయ్‌లో చెంచా నిలబడేంత చక్కెర వేసుకుని, గడపలో కూర్చుని, ఏదో ఒకనాడు నీ నోట అన్న పేరు అనిపిస్తా చూడమని పందెం కాసేవాడు. గోదారికి పెద్ద వరద వచ్చిన ఏడు, కొట్టుకొచ్చే దుంగలు పట్టడానికి భద్రాచలం దిక్కు వెళ్తూ, పోయొస్తా అనాల్సినవాడు ఆమెను ఉడికించడానికే "పోతన్న వదినే" అన్నాడు. అన్నంత పనీ చేశాడు. శవం దొరకలేదు. గడ్డిబొమ్మను చేసి మట్టిచేసి, దినాలు కానిచ్చారు. పోతయ్య ఆ తర్వాత గోదారి గట్టు ఎక్కలేదు.

రెండో రోజు ఓడ ఎక్కడా ఆగదన్నారు. తినడం, పడుకోవడం, సముద్రం చూడడం, అంతే పని. ఖాళీగా కూర్చుంటే ఎర్రమ్మకు ఒంట్లో బాగాలేనట్టుంటుంది. ఎవరెవరో వదిలేసిన తువాళ్ళన్నీ మడతపెట్టి, పనివాళ్ళు వద్దంటే సిగ్గుపడి వచ్చి మొగుడి పక్క కుర్చీలో నడుం వాల్చింది. ఎండ మెత్తగా ఉంది. సముద్రం ఒక్క అల లేకుండా, అలికిన వాకిలిలా ఉంది. ఫోన్లలో సిగ్నల్ లేదు. మధ్యాహ్నం తిండ్లయ్యాక పాటలు ఆపేశారు. ఓడ వెనక భాగాన వాళ్ళిద్దరే మిగిలారు.

కళ్ళు మూసుకుని ఉన్న పోతయ్య ఉన్నట్టుండి "ఓ" అన్నాడు.

ఎర్రమ్మ లేచి కూర్చుంది. "ఎవరు పిలిచిండ్రయ్యా?"

"మనోడే. అన్నా అన్నట్టు ఇనపడ్డది. పలికిన."

"మనోడు ఈడెవరున్నరు?"

పోతయ్య కళ్ళు తెరిచి నీళ్ళ వైపు చూశాడు.

వాళ్ళ ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి ఇది. కనపడని గొంతు పిలిస్తే ఒక్క పిలుపుకు పలకకూడదు. బతికున్న మనిషి మూడుసార్లు పిలుస్తాడు. బతికిలేనిది ఒక్కసారే పిలుస్తుంది, పలికినవాణ్ణి పట్టుకుంటుంది. అడవిలో ఎన్నేళ్ళు తిరిగినా తప్పు చేయని మనిషి, కడుపునిండా తిని, మెత్తటి కుర్చీలో ఆదమరిచి పలికాడు. గోదారిలో పోయినవన్నీ ఇక్కడికే కదా వచ్చేది అని ఆమెకు అప్పుడు తట్టింది.

చాయ్ తెచ్చారు. పోతయ్యకు షుగరు, చక్కెర ముట్టి ఏళ్ళయింది. ఆయన గిన్నె ముందుకు లాక్కుని ఒక చెంచా వేసుకున్నాడు. ఇంకొకటి వేసుకున్నాడు. వేసుకుంటూనే ఉన్నాడు. ఎర్రమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా, తడి గుడ్డలా తగిలింది. లోపలికి ఎల్దాం పదమని బతిమాలితే, మంచిగున్నది, జర ఆగమని లేచి వెళ్ళి ఓడ అంచున ఉన్న కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు.

ఊళ్ళో ఇలాంటివి చూసేది గంగక్క. ఆ ముసలామెకు ఫోన్ కలిపితే కలవలేదు. ఎర్రమ్మ ఫోను ఒళ్ళో పెట్టుకుని, ఎప్పుడో పొరుగింటి పిల్లకు గంగక్క చెప్పిన విరుగుడు గుర్తు తెచ్చుకుంది. ఒక్క కుండలో తినే మనిషి, పొద్దు గూకకముందే, పేరు పెట్టి మూడు పిలుపులు పిలవాలి. మూడో పిలుపుకు ఓ అంటే మనిషి మనవాడు. అనకపోతే ఏమవుతుందని అడిగితే గంగక్క మాట మార్చేది.

ఆ ఓడలో ఆయనతో ఒక్క కుండలో తినేది ఎర్రమ్మ ఒక్కతే. పేరు పలికితే ఆయుష్షు తరుగుతుంది, పలకకపోతే మనిషే దక్కడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పొద్దు నీళ్ళలోకి దిగుతోంది. ఆయుష్షు తరిగితే తరిగింది, ఉన్న నాలుగు రోజులైనా నావాడుగా ఉంటాడు అనుకుంది. ఆయన మీద ఆమెకు అంత ప్రేమ ఉందని ఆ క్షణం దాకా ఆమెకే తెలియదు.

కడ్డీకి రెండడుగుల దూరంలో నిలబడింది. మొదటిసారి గొంతులో గాలి తప్ప ఏమీ రాలేదు.

"పోతయ్యా."

ఆయన కదల్లేదు. ఎర్రటి వెలుతురులో ఆయన వీపు, చొక్కా మీద ఆమె తన చేత్తో వేసిన మాసిక కనిపిస్తున్నాయి.

"పోతయ్యా." ఈసారి ఏడుపు వచ్చింది.

పొద్దు అంచు మాత్రమే మిగిలింది. ఉన్న ఊపిరంతా కూడగట్టుకుని ఆమె మూడోసారి పిలిచింది.

"ఓ" అని వినిపించింది.

ఆయన గొంతే. జలుబు చేసినట్టుండే ఆ జీరను ఎర్రమ్మ ఎక్కడైనా గుర్తుపడుతుంది. ప్రాణం లేచొచ్చింది. ఒక్క అడుగు ముందుకు వేసి, అక్కడే ఆగిపోయింది. ఆ పలుకు కడ్డీ అవతల నుంచి, కింద, దూరంగా, నీళ్ళలోంచి వచ్చింది. మళ్ళీ "ఓ" అంది. ఇంకాస్త దూరంగా, వెనకబడిపోతూ "ఓ" అంది.

కడ్డీ దగ్గరున్న మనిషి నోరు తెరవలేదు. మెల్లగా ఇటు తిరిగి, పెదవికి అంటిన చక్కెర తుడుచుకుని నవ్వాడు.

"మొత్తానికి నీతోని అన్న పేరు అనిపిచ్చిన గదా వదినే" అన్నాడు.