ఏం కూర వండమంటావ్?

ఒక్కపూట బందరు వెళ్ళి రావడానికి మార్త మూడు పూటల వంట చేసింది. చారు గిన్నె మీద మూత, మూత మీద రాయి, పిల్లి గానీ వస్తుందేమోనని. ఏది ఎక్కడుందో మొగుడికి రెండుసార్లు అప్పజెప్పింది. సొలొమోను పేపరు దించకుండానే, "నాకైతే ఏ అభ్యంతరమూ లేదు. చూసొచ్చి నువ్వే చెప్పు. సముద్రం పక్క ఊరు, తుఫాన్లు, ఒంటరి ఆడపిల్ల... ఆపైన నీ ఇష్టం," అన్నాడు.

డయానాకి బందరులో ఓ కాన్వెంటులో టీచరు ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి. ఉండడానికి గది చూడాలని తల్లీ కూతుళ్ళు బయల్దేరారు. బెజవాడ నుంచి ఉయ్యూరు దాకా బస్సు కాలవలో పడుతుందని మార్త భయపడింది. ఉయ్యూరు దాటాక, పడలేదు కాబట్టి ఇంక పడితీరుతుందని భయపడింది. "అమ్మా, నా చెయ్యి వదులు, తిమ్మిరెక్కింది," అంది డయానా.

బందరులో దిగేసరికి గాలి ఉప్పగా తగిలింది. కోనేరు సెంటర్ దగ్గర రిక్షా ఎక్కగానే మార్త అడగనే అడిగింది: "ఉప్పెన వస్తే జనం ఎటు పరిగెత్తుతారు బాబూ?"

"పరుగెందుకమ్మా? ఆ కొట్లో హల్వా ముక్క ఒకటి నోట్లో వేసుక్కూచోండి. అది కరిగేలోపు ఉప్పెనే విసుగెత్తి పోద్ది," అన్నాడు రిక్షా అతను వెనక్కి తిరక్కుండా. "ఇక్కడ భయపడాల్సింది దోమలకండీ. దోమతెర కొనిపెట్టండి పాపకి."

డయానా నవ్వింది. మార్తకీ నవ్వొచ్చింది గానీ ఆపుకుంది. చిలకలపూడి వైపు ఇళ్ళ అరుగుల మీద ఆడవాళ్ళు కాళ్ళు చాపుకుని రోల్డుగోల్డు గొలుసులకి కొక్కేలు తగిలిస్తున్నారు. చేతులు పనిలో, నోళ్ళు కబుర్లలో. దార్లో ఎవర్ని అడ్రసు అడిగినా, అది చెప్పి ఊరుకోరు, మంచినీళ్ళు తాగి వెళ్ళమంటారు. ఏం ఊరిది, ఎవరికీ తొందరే లేదు, అనుకుంది మార్త. బెజవాడలో తను వీధి తలుపు దాకా కూడా పరిగెత్తే నడుస్తుంది.

గది గిలకలదిండి దారిలో, రత్తమ్మ ఇంటి మేడ మీద. ఆవిడ మొగుడు ఎల్లారావుకి బోటుంది. మార్త గడియ లాగి చూసింది, కిటికీ ఊచలు ఊపి చూసింది, మంచం కిందికీ తొంగి చూసింది. "పామేం లేదు వదినగారూ, ఉంటే దానికీ అద్దె పుచ్చుకునేదాన్ని," అంది రత్తమ్మ.

ముగ్గురూ కిందికి దిగేసరికి ఎల్లారావు వల భుజాన వేసుకుని వేటకి బయల్దేరుతున్నాడు. అలవాటైన నోరు, మార్త ఊరుకోలేకపోయింది. "జాగ్రత్తండీ అన్నయ్యగారూ!"

గుమ్మం దాటిన కాలు ఎల్లారావు వెనక్కి తీసుకున్నాడు. రత్తమ్మ మొగుణ్ణి లోపలికి రమ్మని బల్ల మీద కూచోబెట్టి, మంచినీళ్ళిచ్చింది. మార్తకి తల కొట్టేసినట్టయింది. ఆయన నీళ్ళు తాగి మళ్ళీ లేచాక రత్తమ్మ అడిగింది: "వచ్చేసరికి ఏం కూర వండమంటావయ్యా?"

"గోంగూర పప్పు చెయ్యవే. చేపలు చూసిచూసి నా కళ్ళు కూడా రెప్ప వెయ్యడం మానేశాయి," అంటూ వెళ్ళిపోయాడు.

"తప్పయిపోయింది," అంది మార్త.

"తెలీక అన్నారు, తప్పేంటి? మా ఇంట్లో వేటకెళ్ళేవాణ్ణి జాగర్త అనం. అంటే మన భయాన్ని కూడా బోటెక్కించినట్టే. కూరేంటని అడిగామనుకోండి, తినడానికి రావాలిగా మనిషి!"

"మరి మీకు భయం వెయ్యదా?"

"ఎందుకెయ్యదూ? వంట చేసినంతసేపూ భయమే. నాది నా దగ్గర ఉంచుకుంటాను."

మధ్యాహ్నం మంగినపూడి వెళ్ళారు. ఎంత దూరం నడిచినా మోకాలు దాటని నీళ్ళు, కాలికింద మెత్తని నల్లమట్టి. డయానా చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని చిన్నపిల్లలా గంతులేస్తోంది. వెనక్కి రావే అనబోయి, మార్త నోరు మూసుకుంది. మూసుకున్నాక లోపల ఏవేవో మాటలు వినిపించాయి, ఒక్కటీ తనవి కాదు. డయానా స్కూలు వాళ్ళతో అరకు వెళ్తానన్నప్పుడు మొగుడు, "నాకేం లేదమ్మా, మీ అమ్మే భయపడి చస్తుంది." సైకిలు అడిగినప్పుడు, "మీ అమ్మ ఒప్పుకోదు." పెళ్ళయిన కొత్తలో తనకి అంగన్‌వాడీలో పని వస్తే అత్తగారు, "అమ్మో, మా కోడలు వట్టి పిరికిది, నలుగుర్లో నిలబడలేదు." తను నిలబడలేనని ఎప్పుడంది? భయమేస్తోందంది, అంతే. భయమేస్తోందన్నంత మాత్రాన వద్దన్నట్టా? ఇన్నేళ్ళూ ఆ ఇంట్లో ఎవరికి వద్దనాలనిపించినా తన భయాన్ని అరువు తీసుకున్నారు. వాళ్ళు మంచివాళ్ళుగా మిగిలారు, కూతురి దృష్టిలో కాళ్ళకడ్డం పడేది తనొక్కతే అయింది. ఇవాళ కూడా సొలొమోను తనని అందుకే పంపాడు. అల వచ్చి చీర మోకాళ్ళదాకా తడిపేసింది. అయ్యో తడిసిందే అని కూడా అనుకోలేదు.

బస్‌స్టాండు ఎదుట ఎస్టీడీ బూత్‌లోంచి ఇంటికి ఫోన్ చేసింది. డయానా గాజు తలుపు అవతల గోళ్ళు కొరుక్కుంటూ నిలబడింది.

"ఏంటి, భయపడి వచ్చేస్తున్నారా?" అన్నాడు సొలొమోను. ఆ గొంతులో దిగులు లేదు. "నేను ముందే అనుకున్నా. వద్దులే అని దానికి నువ్వే మెల్లగా చెప్పు."

"వద్దని మీకుంటే మీరే చెప్పండి. ఇక్కడే ఉంది, ఇస్తాను."

అవతల పేపరు మడిచిన చప్పుడైంది.

"గది ఖాయం చేశాను. సోమవారం చేరుతుంది."

"మరి నీ భయం?"

"ఉందండీ. అది నాది. నా దగ్గరే ఉంటుంది."

సొలొమోను, "సరేలే, చీకటి పడుతుంది. జాగ్రత్తగా రా. వచ్చాక రాత్రి వంట సంగతి చూద్దువు గానీ, నువ్వు చేసినవి మధ్యాహ్నమే అయిపోయాయి," అన్నాడు.

మార్త గాజు తలుపులోంచి కూతురి వైపు చూసి, తల ఊపింది. ఆ పిల్ల మొహం వెలిగిపోయింది.

"జాగ్రత్త అనకండీ," అంది ఫోన్లో, నెమ్మదిగా. "నేనొచ్చేసరికి ఏం కూర వండుతారో చెప్పండి."