లెక్కలో లేని డబ్బా

నీలం పళ్ళెంలోకి మాత్రలు ఒంపుకుని, వెడల్పాటి పుల్లతో అయిదేసి చొప్పున పక్కకి తోస్తోంది డార్లా. మొత్తం కాగితం మీద వేసి, మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టింది. రెండోసారి లెక్క మొదటిదాన్ని నమ్మకుండా పెట్టాలి. అమెరికాలోని డులూత్ ఊళ్ళో ఒక ఆసుపత్రి మూడో అంతస్తులో, పేగు క్యాన్సర్‌కి కొత్త మందులు పరీక్షించే చోట, పందొమ్మిదేళ్ళుగా ఆమె పని ఇదే. రోగులు తిరిగి తెచ్చిన సీసాల్లో ఎన్ని మిగిలాయో చూడాలి. ఇంటి దగ్గర వాళ్ళు మాత్రకో టిక్కు పెట్టుకునే పుస్తకంతో సరిపోయిందో లేదో చూడాలి. అంతే.

నలభై ఏడేళ్ళ మనిషి. సాయంత్రానికి పాదాలు వాచిపోతాయని ఒక సైజు పెద్ద బూట్లే కొనుక్కుంటుంది. రబ్బరు తొడుగుల్లో నాని నాని వేళ్ళ చివర్లు ఎప్పుడూ బట్టలు ఉతికినట్టే ఉంటాయి. నర్సు చదువు మొదటి ఏడాదే ఆగిపోయింది. కూతురు కెల్లీ నెలలు నిండకుండా పుట్టింది మరి. పక్కన పడుకుని ఆ గుప్పెడు పిల్ల ఊపిరి లెక్కపెట్టడంతో పట్టుకుంది ఈ లెక్కల జబ్బు. ఇప్పుడు కెల్లీకి ఇరవై ఆరు. అయినా రోడ్డు మీద మంచు పడిందంటే చాలు, అది పనికి చేరిందో లేదోనని తల్లి ఫోను వంక చూస్తూనే ఉంటుంది. ఇవాళ పొద్దున్నించీ మంచే.

పదింటికి వెర్న్ లిండ్‌గ్రెన్ వచ్చాడు. ఓడల్లోకి ఇనప ఖనిజం నింపే రేవులో నలభై ఏళ్ళు చాకిరీ చేసినవాడు, డెబ్భై ఒకటి దాటాయి. మందు వేడికి అరచేతులు కాలినట్టు ఎర్రబడి పొరలు లేస్తున్నాయి. కుర్చీ చేతుల్ని పట్టుకోకుండా, మోచేతుల మీద ఆని కూర్చున్నాడు.

"ఏం అమ్మాయ్, ఈ నెల నన్ను పాసు చేస్తావా?"

అరవై మాత్రలు ఇచ్చారు. రోజుకి రెండు, ఇరవై ఎనిమిది రోజులు. నాలుగు మిగలాలి. నాలుగే మిగిలాయి. పుస్తకం తెరిచింది. పాత నెలల్లో కాఫీ మరకలుండేవి, ఓ రోజు పెన్సిలు, ఓ రోజు ఆయన భార్య ఎడెల్ ఆకుపచ్చ కలం. ఇందులో టిక్కులన్నీ ఒక్క సిరాతో, గీత గీసినట్టున్నాయి. ఆసుపత్రి బయట కారు ఆపుకుని నెలంతా ఒక్కసారే రాసుకొచ్చేవాళ్ళు ఆమెకి కొత్త కాదు. కానీ తొమ్మిదో తారీకు, పదో తారీకు దగ్గర ఆమె వేలు ఆగిపోయింది.

"ఆ రెండు రోజులూ మీరు అయిదో అంతస్తులో ఉన్నారు, పెద్దాయనా. విరేచనాలకి సెలైన్ పెట్టారు. సీసా ఇంట్లోనే ఉండిపోయిందని ఎడెల్ గారే నాతో అన్నారు."

వెర్న్ కిటికీలోంచి మంచు వంక చూస్తూ చెప్పుకొచ్చాడు. కిందటి స్కానింగులో కాలేయం మీద మచ్చ చిన్నదైందట. మందు ఆపానని తెలిస్తే ఈ పరీక్షలోంచి తీసేస్తారని భయమట. అందుకని కక్కుకున్న రోజులన్నీ కడుపులోనే దాచుకున్నాడట.

డార్లా కోప్పడలేదు. కోప్పడే ఓపిక ఆమెకి ఏనాడో అయిపోయింది.

"మింగలేని మందు మింగానని రాస్తే, రేపు ఈ కుర్చీలో కూర్చునేవాడికీ అంతే మోతాదు ఇస్తారు. వాడూ మీలాగే పడిపోతాడు. మిమ్మల్ని మోసుకొచ్చిన ఎడెల్ గారి లాంటి మనిషి వాడికి ఉంటుందో లేదో."

ఆయన కోటు జేబులో తడుముకుని పిప్పరమెంటు బిళ్ళల రేకుడబ్బా తీశాడు. మూత తెరవడం వేళ్ళకి చేతకాక ఆమెకే అందించాడు. మింగకుండా దాచిన మాత్రలన్నీ అందులోనే ఉన్నాయి, పళ్ళెంలో పోసి లెక్కపెట్టింది.

ముప్ఫై. అంటే పదిహేను రోజులు. మందు మానింది పధ్నాలుగు రోజుల దాకా అయితే మోతాదు తగ్గించి కొనసాగిస్తారు, ఒక్క రోజు దాటినా మనిషిని తప్పించాల్సిందే. ఆయన సంతకం పెట్టిన కాగితంలోనే ఉంది ఆ ముక్క, ఆయనకీ తెలుసు.

"రెండు కింద పడ్డాయనుకో," అన్నాడు మెల్లగా. "ఎవడు చూడొచ్చాడు?"

"పడితే వంగి ఏరుకుంటాను. నా పనే అది."

"పోయిన నెల నడుం పట్టేసిందన్నావుగా."

"పట్టేసింది. అయినా వంగుతాను."

అలా అన్నదే గానీ మూడోసారి లెక్కపెడుతూ ఆఖరి రెండింటి దగ్గర పుల్ల ఆగింది. తోస్తే బల్ల అంచు జానెడు దూరం కూడా లేదు. ఆయన పుల్ల వంక చూడటం లేదు, ఆమె మొహం వంక చూస్తున్నాడు. ఆమె ఆ రెండింటినీ మిగతావాటిలోకి తోసింది. ముప్ఫై.

అక్కడ ఏదీ చెరపకూడదు. తప్పు మీద ఒక్క అడ్డగీత, అదీ కింద రాసింది కనబడేలా. పక్కన పొడి అక్షరాలు, తారీకు. వెర్న్ ముప్ఫై టిక్కుల మీదా ముప్ఫై గీతలు గీశాడు. కలం జారుతుంటే ఆమె పుస్తకం కదలకుండా పట్టుకుంది. గంట పట్టింది.

మధ్యాహ్నం డాక్టరు నెమ్మదిగానే చెప్పాడు. ఇవాళ్టితో ఈ మందు సరి, వచ్చేవారం నుంచి సెలైన్‌తో ఎక్కించే పాత రకం మందు. ఎడెల్ వచ్చి భర్త కోటు గుండీలు పెట్టింది, టోపీ సర్దింది.

"నలభై ఏళ్ళు రేవులో ఒక్క మేస్త్రీ నన్ను పనిలోంచి తియ్యలేకపోయాడు," అన్నాడు వెర్న్ గుమ్మం దగ్గర. "నువ్వు నా చేతే గీతలు గీయించి తీసేశావు గదమ్మాయ్."

నిష్ఠూరమో నవ్వో ఆమెకి తెలియలేదు. లిఫ్టు తలుపులు మూసుకునేదాకా నిలబడింది. తరవాత వచ్చి కాగితంలో ఆయన పేరు ఎదుట వెళ్ళిపోయిన తారీకు వేసింది. ఫోను వెలిగింది, చేరానని కెల్లీ. అప్పుడు కూర్చుంది.

మాత్రలు సంచిలో పోసి మూతి అంటించింది. కాగితంలో మాత్రలకి గడి ఉంది, సీసాకి ఉంది, పుస్తకానికి ఉంది. నీలం పళ్ళెం పక్కన, మూలలు సొట్టపోయి, మూత తెరుచుకుని, ఇంకా పిప్పరమెంటు వాసన వేస్తున్న ఆ రేకుడబ్బాకి మాత్రం ఏ గడీ లేదు.