రెక్కల కారు వారసుడు

శ్రీనాథ్ అబద్ధం చెప్పలేదు. ఆ సంగతి అతనే తనకి తాను ఎన్నోసార్లు చెప్పుకున్నాడు. "మా తాతయ్య నడిపిన కారు అచ్చం ఇలాంటిదే" అన్నాడు, అంతే. అందులో తప్పు పట్టడానికి ఒక్క అక్షరం లేదు. అమ్మ తండ్రి అనంతరామయ్య గుంటూరులో అలాంటి కారు నడిపిన మాట నిజం. కాకపోతే వెనక సీట్లో కూర్చునేది పొగాకు వ్యాపారి సీతారామారావుగారు, జీతమిచ్చేదీ ఆయనే. ఆ రెండో ముక్క మాత్రం శ్రీనాథ్ నోట ఎప్పుడూ రాలేదు. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. శ్రీనాథ్‌ది అంతకంటే పెద్ద చదువు. తను నిజం చెప్పి, అతికించే పని అవతలివాళ్ళకి వదిలేశాడు.

అతను జురాంగ్ ఐలాండ్‌లో ఒక కెమికల్ ప్లాంటులో ఇంజనీరు. సింగపూర్ వచ్చి చాలా ఏళ్ళయింది, కూతురు ప్రణవి ఇక్కడే పుట్టింది. వుడ్‌ల్యాండ్స్ అవతల మొక్కలు పెంచి అమ్మే ఒక చైనీస్ పెద్దాయన షెడ్డులో పాత అమెరికన్ కారు పడి ఉందని ఎవరో చెబితే ఒక ఆదివారం చూడ్డానికి వెళ్ళాడు. ఎరువు బస్తాల వెనక, గాలి పోయిన టైర్ల మీద కూలబడి ఉంది. ముందు భాగమంతా తుప్పు. వెనక్కి వెళ్ళి చూశాడు. రెండు పక్కలా పైకి లేచిన రెక్కలు, వాటి కింద గుండ్రటి ఎర్ర దీపాలు. వేసవి సెలవుల్లో తాతయ్య వర్ణించి వర్ణించి చెప్పినవే.

"మా కారు వీధిలోకొస్తే జనం అన్నాలు వదిలేసి గుమ్మాల్లోకి వచ్చేవాళ్ళురా" అనేవాడు ఆయన. ఎప్పుడూ "మా కారు" అనే అనేవాడు, అయ్యగారి కారు అని అనగా శ్రీనాథ్ వినలేదు. చిన్నతనంలో ఒకసారి, మరి మన కారు ఇప్పుడెక్కడుంది తాతయ్యా అని అడిగితే చుట్టూ ఉన్న పెద్దవాళ్ళు పకపకా నవ్వారు. డ్రైవరుకి కారేమిటని ఎవరో అన్నారు. తాతయ్య మాత్రం నవ్వలేదు, నొచ్చుకోనూ లేదు. అయ్యగారి షెడ్డులో భద్రంగా ఉందని మామూలుగా చెప్పాడు. ఆయనకి అందులో చిన్నతనం కనబడలేదు. మనవడికి కనబడింది, ఆ నవ్వు అతని చెవుల్లో అలాగే ఉండిపోయింది.

కారు కొన్నాడు. ఇంటికి బంగారం తెచ్చే మొగుళ్ళని చూశాను గానీ తుప్పు తెచ్చే మొగుణ్ణి చూడలేదని భార్య స్పందన అంది. బాగుచేసే పని గో అంకుల్ అనే ముసలి మెకానిక్కు ఒప్పుకున్నాడు. ఆ కారు ఒకప్పుడు పెళ్ళిళ్ళకి అద్దెకి తిరిగిందట. గీకుతూ పోతే తెలుపు కింద నలుపు, నలుపు కింద లేత ఆకుపచ్చ బయటపడ్డాయి. అదే పుట్టుకతో వచ్చిన రంగు. శ్రీనాథ్ దాన్ని వేలితో తడిమి, ఇదే కావాలన్నాడు. అక్కణ్ణుంచి పట్టుకుంది పిచ్చి. దీపాల అద్దాలు ఒరిజినల్, తలుపు పిడులు ఒరిజినల్, ఆఖరికి సిగరెట్ బూడిద రాల్చే డబ్బా మూత కూడా ఒరిజినల్‌దే కావాలి. సిగరెట్ ముట్టని మనిషి ఆ మూత కోసం ఆస్ట్రేలియాకి ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు. కొత్తది చేయిస్తే అచ్చం అలాగే ఉంటుంది లా అని, మాట చివర సింగపూర్‌వాళ్ళ ‘లా’ తగిలించి మరీ గో అంకుల్ మొత్తుకున్నాడు. అలాగే ఉండటం వేరు, అదే కావడం వేరని శ్రీనాథ్ ఆయనకి వేదాంతం చెప్పాడు.

కారు తయారవుతుంటే పక్కన కథ కూడా తయారవుతూ వచ్చింది. తెలుగువాళ్ళ సంఘానికి పెద్ద జగన్మోహనరావుగారు. బ్యాంకులో పెద్ద ఉద్యోగం, స్వదేశంలో రైసు మిల్లులు, అయినా గర్వం లేని మనిషి. ఆయన కారు చూడ్డానికి వచ్చి, మీ తాతగారిదీ ఇదే మోడలా అని అడిగాడు. తాతయ్య నడిపింది ఇలాంటిదేనండీ అన్నాడు శ్రీనాథ్. తరవాతి విందులో అది, ఆ రోజుల్లోనే వీళ్ళింట్లో అమెరికన్ కారుండేదట అయింది. ఆ తరవాతి విందుకి పొగాకు వ్యాపారం కూడా వచ్చి చేరింది. గుంటూరు అన్నాక, కారు అన్నాక, పొగాకు కాక మరేముంటుంది? శ్రీనాథ్ ఒకటి రెండుసార్లు సర్దిచెప్పడానికి నోరు తెరిచాడు. అదే సమయానికి ఎవరో గారెల పళ్ళెం ముందుకి జరిపారు, తెరిచిన నోరు గారెకి పనికొచ్చింది.

ఇంట్లో ప్రణవి దాకా పాకింది ఆ కథ. మా గ్రేట్ గ్రాండ్‌ఫాదర్ సూపర్ రిచ్ లా అని అది క్లాసులో చెప్పుకుంది. స్పందనా నమ్మింది. భార్యకి పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఏనాడో చెప్పి ఉండాల్సిన మాట అది. చెప్పకుండా గడిచిన ప్రతి ఏడూ దాన్ని ఇంకాస్త చెప్పలేని మాటగా చేసింది.

ఉగాది వేడుకలకి కారుని ప్రదర్శనగా పెడదామన్నాడు జగన్మోహనరావుగారు. పక్కనే తాతగారి నిలువెత్తు ఫోటో ఉంటే శోభగా ఉంటుందని కూడా అన్నాడు. ఫోటో ఉంది, ఒక్కటే ఉంది. కారు రెక్క మీద చెయ్యి వేసుకుని, తెల్లటి యూనిఫారంలో, నల్లటి డ్రైవరు టోపీ పెట్టుకుని, ఛాతీ విరుచుకుని నిలబడిన అనంతరామయ్య.

పాత ఫోటోల్ని కొత్తగా చేసే యాప్ ఒకటి తెరిచాడు శ్రీనాథ్. ముందు మరకలు తీయమన్నాడు. తరవాత రంగులు వేయమన్నాడు. అక్కడికి ఏ తప్పూ లేదు. లేచి వెళ్ళి టీ తాగి వచ్చాడు. వచ్చి కూర్చుని, యూనిఫారం తీసి సూటు వేయమన్నాడు. వేసింది. సూటు మీద ఆ టోపీ బ్యాండు మేళం వాడి టోపీలా ఉంది. అదీ తీసేయమన్నాడు. తీసేసింది. టోపీ కింద ఏముందో దానికేం తెలుసు, ఒత్తుగా ఉంగరాల జుట్టు పెట్టేసింది. అనంతరామయ్యకి ముప్పై నిండకుండానే బట్టతల. శ్రీనాథ్ ఆ జుట్టు వంక చూశాడు. గదిలో ఎవరూ లేకపోయినా ముఖమంతా వేడెక్కింది, సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. సిగ్గుపడుతూనే దాన్ని ప్రింటుకి పంపాడు.

ఇదంతా ఒక ఎత్తు, అమ్మ ఒక ఎత్తు. కమలాదేవి అప్పటికి నెలరోజులుగా వాళ్ళింట్లోనే ఉంది. నదురూ బెదురూ లేని మనిషి. లిఫ్టులో పరిచయమైన ప్రతి ఆంటీకీ తను డ్రైవరు అనంతరామయ్య కూతుర్నని చెప్పగలదు. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పకపోవడానికి కారణం, ఎవరూ అడక్కపోవడమే. పండగ రోజున ఎండ ఎక్కువ, జనం ఎక్కువ, నువ్వు ఇంట్లో పడుకోమ్మా అన్నాడు శ్రీనాథ్. ఆవిడ సరేనంది. కానీ అత్తగారిని ఇంట్లో వదిలేసి పండగేమిటని స్పందనకి తోచింది. కూతుర్నీ అత్తగారినీ టాక్సీ ఎక్కించుకుని హౌగాంగ్‌లో పండగ జరుగుతున్న చోటికి తీసుకొచ్చేసింది. పాపం, అందులో స్పందన తప్పేముంది?

కారు చుట్టూ జనం. అమ్మ వస్తుండటం శ్రీనాథ్ చూశాడు. ఆవిడ మాత్రం కారునే చూస్తూ వచ్చింది. చుట్టూ ఒకసారి తిరిగింది. రెక్క మీద అరచెయ్యి వేసి, ఎండకి కాలితే తీసేసి, కొంగు మడిచి మళ్ళీ వేసింది. కారు కడగడానికి తీసుకెళ్ళేటప్పుడు నాన్న తనని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని వీధి చివరిదాకా తిప్పేవాడని ప్రణవికి చెప్పింది. పిల్లకి సగం అర్థమయింది, తల ఊపింది.

"బాగా చేయించావురా" అంది కొడుకుతో. ఆవిడ ఎవరినీ ఊరికే మెచ్చుకోదు. ఆ ఒక్క మాటకి అతని కళ్ళు చెమర్చాయి. ఈ కారు ఎవరికోసం బాగుచేశాడో అప్పటిదాకా అతనికే సరిగ్గా తెలియదు.

అప్పుడు ఆవిడ ఫోటో చూసింది.

చాలాసేపు చూసింది. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్ళీ చూసింది. శ్రీనాథ్ తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

"ఎవర్రా ఈయన?"

"తాతయ్యే కదమ్మా."

"మా నాన్న టోపీ ఏది?"

గొంతు తగ్గించి, ఫోటో పాతబడిపోయింది కదమ్మా, కంప్యూటర్‌లో బాగుచేయించానన్నాడు. ఇక్కడ వద్దు, ఇంటికెళ్ళాక మాట్లాడుకుందామన్నాడు. ఆవిడ గొంతు పెంచలేదు. పెంచి ఉంటే అతనికి ఇంతకంటే తేలిగ్గా ఉండేది.

"కారుకి తుప్పు పట్టింది, వదిలించావు. మా నాన్నకేం పట్టిందిరా?"

ఉన్న ఒక్క జవాబూ చెప్పేది కాదు. ఇంతలో జగన్మోహనరావుగారు మైకు పట్టుకుని రానే వచ్చాడు. అనంతరామయ్యగారి అమ్మాయిగారు మన మధ్యనే ఉండటం మన అదృష్టమని అందరికీ చాటి, అంతటి తండ్రి గురించి రెండు ముక్కలు చెప్పమని ఆవిడ చేతిలో మైకు పెట్టాడు. జనమంతా ఇటు తిరిగారు. ఫోన్లు పైకి లేచాయి.

శ్రీనాథ్ ఆ క్షణంలో దేవుడికి దండం పెట్టుకున్నాడు. అమ్మ నిజం చెప్పకూడదని. తరవాత తల్చుకున్నప్పుడల్లా అతన్ని నిలువునా కాల్చింది ఫోటో కాదు, ఆ దండమే.

కమలాదేవి మైకు వంకా కొడుకు వంకా చూసింది.

"మా నాన్నకి ఈ కారంటే ప్రాణమండీ. ఆయనలాగా దాన్ని నడిపినవాళ్ళు లేరు" అంది. "ఆయనెవరో, ఏం చేసేవారో మా అబ్బాయి చెబుతాడు."

మైకు అతని చేతిలో పెట్టి పక్కకి జరిగింది. తలుపు బార్లా తీసి పట్టుకున్నట్టే ఉంది. ఒక్క మాట చాలు. డ్రైవరు. ఆ మాటకి జగన్మోహనరావుగారు కళ్ళనీళ్ళు పెట్టుకుని కౌగిలించుకుని ఉండేవాడేమో కూడా. శ్రీనాథ్‌కి అదీ తెలుసు. కానీ గొంతులోంచి, "అందరికీ ఉగాది శుభాకాంక్షలు, ఫోటోలు తీసుకునేవాళ్ళు దయచేసి వరసలో రండి" అనే మాట బయటికొచ్చింది. చప్పట్లు కొట్టారు. ఉగాది పచ్చడి గ్లాసు ఎవరో చేతికిస్తే గటగటా తాగేశాడు, ఆరు రుచుల్లో ఒక్కటీ తెలియలేదు.

తిరిగి వెళ్ళేటప్పుడు కమలాదేవి వెనక సీట్లో మనవరాలి పక్కన కూర్చుంది. ముందు స్పందన. అందరూ కారుని ఎంత మెచ్చుకున్నారో చెబుతోంది స్పందన. దారిలో పక్క కార్లవాళ్ళు అద్దాలు దించి చెయ్యి ఊపుతున్నారు, శ్రీనాథ్ తిరిగి ఊపుతున్నాడు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ప్రణవి అడిగింది.

"నానమ్మా, వాట్ క్యాప్ ఆ? నువ్వు నాన్నని క్యాప్ ఎక్కడ అని అడిగావు కదా."

స్పందన మాట ఆపి ఇటు తిరిగింది. శ్రీనాథ్ అద్దంలో అమ్మని చూశాడు. ఆవిడ తన కోసమే ఆగిందని అతనికి తెలుసు. ఇక్కడ మైకు లేదు, జనం లేరు, ఉన్నది భార్యా బిడ్డా. ఇక్కడ కూడా చెప్పలేకపోతే ఇక ఎక్కడా చెప్పలేడు. గ్రీన్ లైటు పడింది, వెనక బస్సువాడు హారన్ కొట్టాడు, శ్రీనాథ్ గేరు మార్చాడు.

"ఏం లేదమ్మా" అంది కమలాదేవి. "ఆ ఫోటోలో ఆయన్ని చూసి మా నాన్న అనుకున్నాను. కాదు, ఎవరో షావుకారు."

"దెన్ నీ ఫాదర్ ఎవరు?"

ఆవిడ కిటికీ వైపు తిరిగింది.

"మీ నాన్నకి తెలుసు" అంది.

ఇల్లు చేరేదాకా కారు ఎక్కడా చిన్న చప్పుడైనా లేకుండా, కొత్తదానిలా నడిచింది.