బుడ్డల పొడి

ఢిల్లీ పక్కన ఇందిరాపురంలోని ఆ అపార్ట్‌మెంటులో సాత్వికకి అందరూ ఆంటీలే. ఎదురు ఫ్లాట్‌లో ఉండే అరుంధతి ఒక్కతే పెద్దమ్మ. ఆ పిలుపు చెవిన పడినప్పుడల్లా ఇంద్రాణికి ఒళ్ళు మండిపోయేది. కన్నతల్లిని తానుండగా, ఎక్కడో వరంగల్ నుంచి వచ్చిన ఆవిడ పెద్దమ్మ ఎలా అయింది?

స్కూలు నుంచి రాగానే పిల్ల అరుంధతి దగ్గరికే వెళ్ళేది. ఇంద్రాణి నోయిడాలో ఆఫీసు ముగించుకుని ఈసురోమంటూ వచ్చి పిలిస్తే, “థోడీ దేర్ ఔర్, మమ్మా” అంటూ ఇంకాసేపు ఆగమనేది. ఇంటికొచ్చాక పెద్దమ్మ ఇడ్లీ, పెద్దమ్మ పల్లీ చట్నీ అంటూ ఒకటే ఊదర. పోనీ ఆవిడని నాలుగు మాటలందామా అంటే తప్పు చేసే మనిషి కాదు. పిల్లని కళ్ళల్లో పెట్టుకుని చూసుకుంటుంది. ఇంద్రాణి కుళ్ళుకి అదే పెద్ద చిక్కు.

ఒకరోజు జలుబుతో ఉన్న సాత్వికకి, అరుంధతి ఇంట్లో పల్లీ చట్నీతో ఇడ్లీ తిన్నాక ఒంటినిండా దద్దుర్లు లేచాయి. అరుంధతే ఆటోలో ఆసుపత్రికి పరుగెత్తింది. ఇంద్రాణి వెళ్ళేసరికి పిల్ల తేరుకుంది. ఊపిరి పీల్చుకున్నాక ఇంద్రాణి మనసులో మెదిలిన మొదటి మాట, దొరికావు. సిగ్గుపడింది గానీ ఆ మాటని తరిమెయ్యలేదు.

పల్లీలు పడవేమోనని డాక్టరు రక్తపరీక్ష రాశాడు. సూది గుచ్చేటప్పుడు అమ్మ చెయ్యి పట్టుకునే, పెద్దమ్మ కావాలని ఏడ్చింది సాత్విక. అప్పుడు ఇంద్రాణి ఏ తల్లీ మొక్కకూడని మొక్కు మొక్కుకుంది. రిపోర్టులో అలర్జీ అనే రావాలి.

వచ్చింది, కానీ కొద్దిగానే. ఆ అంకె ఒక్కటే చూసి అలర్జీ అని తేల్చలేమన్నాడు డాక్టరు. రక్తంలో కనిపించినా పల్లీలు హాయిగా తినే పిల్లలున్నారట, జలుబుకి కూడా దద్దుర్లు రావచ్చట. అందుకే ఒక సంగతి తెలియాలన్నాడు. ఇంట్లో మూంగ్‌ఫలీ, అంటే పల్లీలు, ఎప్పుడైనా తిందా, తిని బాగానే ఉందా?

పల్లీలనే కర్నూలు వైపు బుడ్డలంటారు. ఇంద్రాణిది ఆ ఊరే. ఆమె చేసే బుడ్డల పొడి లేనిదే సాత్వికకి ముద్ద దిగదు, తిన్నందుకు ఏనాడూ ఒక్క దద్దురు లేవలేదు. పక్కనే కూర్చున్న పిల్ల కిమ్మనలేదు. ఆ పిల్ల లెక్కలో పల్లీలు వేరు, బుడ్డలు వేరు.

“నహీ, డాక్టర్ సాబ్” అంది ఇంద్రాణి.

అయితే ఇక పల్లీల జోలికే పోవద్దన్నాడాయన. ఇంటికి రాగానే ఇంద్రాణి ఎదురు ఫ్లాట్‌కి వెళ్ళి, డాక్టరు పల్లీలు వద్దన్నాడని, పిల్లని ఇకమీదట డేకేర్‌కి పంపుతామని మర్యాదగా చెప్పేసింది. అరుంధతి ముఖం వాడిపోయింది. ఇంద్రాణికి కడుపు నిండినట్టయింది.

సాయంత్రం అరుంధతే తలుపు తట్టింది. ఇంట్లో ఉన్న పల్లీలన్నీ పారేశానని, ఇక కొబ్బరి చట్నీయే చేస్తానని, పిల్లని మాత్రం తన దగ్గరికి పంపమని బతిమాలింది. సాత్విక పరుగున వచ్చి ఆమె కొంగు పట్టుకుంది.

“నీ పొడి డబ్బా గూడ తీసెయ్యి బిడ్డా. అవి గూడ పల్లీలే గదా” అంది అరుంధతి. “టిఫిన్ డబ్బాల మిగిలిన పొడి రోజూ నాకు తెచ్చి పెడ్తది. మా అమ్మ లెక్క నీకు చేయరాదు పెద్దమ్మా అంటది.”

ఇన్నాళ్ళూ ఆ ఇంట్లో తన పొడికి జరుగుతున్న వైభోగం ఇంద్రాణికి తెలియనే తెలియదు.

“బుడ్డలు భీ పల్లీ హై క్యా?” అని బిత్తరపోయింది సాత్విక. “పర్ ముఝే తో కభీ కుఛ్ నహీ హువా.” బుడ్డలు తిన్నా తనకెప్పుడూ ఏమీ కాలేదంటుంది.

అరుంధతి తలెత్తి చూసింది. “ఇంట్ల తింటదా అని డాక్టర్ అడగలేదా?”

“అడిగినాడక్కా” అంది ఇంద్రాణి. “తినదని నేనే చెప్పినా.”

ఎందుకని అరుంధతి అడగలేదు. ఆమెకి అర్థమైందని ఇంద్రాణికి తెలిసిపోయింది. తిట్టినా బాగుండేదనిపించింది.

“ముందుగాల ఆయనకి ఫోన్ చెయ్యి” అంది అరుంధతి. “ఆయన చెప్పేదాంక ఏదీ పెట్టకు.”

సాత్విక ఇంకా ఆ కొంగు వదల్లేదు. ఇంద్రాణికి ఇప్పుడు కూడా కుళ్ళుగానే ఉంది. అలా కుళ్ళుకుంటూనే డాక్టరు నంబరు నొక్కింది.